తీరం కేసు: చందాల జమా ఖర్చుల వివరణ

చందా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ నమస్కారం. నిజాంపట్నం వైపు మన పల్లె ఒడ్డున, పోటు నీళ్లు తాకే చోటికి ఆనుకుని లేస్తున్న రిసార్టు మీద పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచిలో, చెన్నైలో, కేసు వేశాం. దానికోసం వచ్చిన సొమ్ము, అయిన ఖర్చు ఇది.

జమ: పల్లెలో 212 గడపల నుంచి 200 చొప్పున 42,400. గుంటూరులో ఉంటున్న మనవాళ్లు 31 మంది ఇచ్చింది 38,500. బ్రాడీపేట సభలో తువ్వాలు పరిస్తే పడింది 9,150. మొత్తం 90,050 రూపాయలు. పల్లె నుంచి వచ్చిన నోట్లు చాలావరకు తడిసి ఉంటే ఫ్యాను కింద ఆరబెట్టి బ్యాంకులో వేశాం.

"ఫీజు వెయ్యే కదా, మిగతాది ఏమైంది?" అని కొందరు అడిగారు. అడగాల్సిన మాటే. నష్టపరిహారం కోరలేదు కాబట్టి ఫీజు 1,000 మాత్రమే. కానీ వివాదం మొదలైన 6 నెలల్లో కేసు పడాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. మనం కదిలేసరికే నాలుగు నెలలు దాటాయి. పంచాయతీ కాగితాలన్నీ తెలుగులో, అక్కడ నడిచేది ఇంగ్లీషులో. హడావుడిగా తర్జుమా చేయించినందుకు 11,200, టైపు, జిరాక్సు, బైండింగులకు 7,640 అయ్యాయి. సమాచార హక్కు దరఖాస్తులు మూడు, నకళ్లు 186 పేజీలు కలిపి 402.

సర్వేకు 12,000. దీని మీదే ఎక్కువ అనుమానాలు వచ్చాయి. చదరపు కిలోమీటరుకు 2,161 మంది కంటే తక్కువున్న పల్లె తీరాల్లో పోటు గీత నుంచి 200 మీటర్లు నిర్మాణ నిషేధ ప్రాంతమని 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ చెబుతోంది. కేసంతా ఆ గీత ఎక్కడుందన్న దాని మీదే. పెద్ద పోటుకు నీళ్లొచ్చి ఆగే తాటి మోడును మన పెద్దాయన చూపిస్తే, సర్వేయరు దానికి ఎర్ర రంగు పూసి అక్కడి నుంచి టేపు లాగాడు. ప్రహరీ గోడ 140 మీటర్ల దగ్గరే తగిలింది. ప్రైవేటు కొలత తుది మాట కాదు, అధికారిక పటంతో సరిచూడాల్సిందే. అయినా అది లేకుండా వెళ్లుంటే మన దగ్గర చూపడానికి ఏమీ ఉండేది కాదు.

తెనాలిలో రైలెక్కి చెన్నైకి రెండుసార్లు వెళ్లొచ్చినందుకు 14,350. తర్వాతి వాయిదాలు వీడియోలో జరిగాయి. వకీలుకు 25,000. చెన్నైలో భోజనాల రసీదు ఒకటి పోయింది, ఆ 640 రూపాయలు కోశాధికారి తానే భరించారు, లెక్కలో చూపలేదు.

మొత్తం ఖర్చు 71,592. నిల్వ 18,458, ముగ్గురి సంతకాలతో నడిచే ఖాతాలో ఉంది. ప్రతి ఆదివారం ఉదయం బ్రాడీపేటలో సభ జరిగిన చోటే రసీదుల ఫైలు ఉంటుంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు.