ముందు గడ్డికి ఖర్చుపెట్టండి

సంపాదకులకు,

2017 అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో బ్రెజిల్-ఇంగ్లండ్ సెమీఫైనల్ గువాహటిలో జరగాలి. వానలకు మైదానం పాడై, ఆఖరి నిమిషంలో కోల్‌కతాకు మారింది. గచ్చిబౌలిలో అలాంటి టోర్నీ పెట్టాలంటున్నవారు దీన్ని గమనించాలి. ప్రభుత్వ సొమ్ము ముందుగా రంగులకు, కుర్చీలకు, వీఐపీ గదులకు పోతుంది. ఫొటోల్లో కనబడేవి అవే మరి!

ఆట జరిగేది 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు పచ్చిక మీద. దాని అడుగున చిల్లుల పైపులు, వాటిపై 10 సెంటీమీటర్ల కంకర, ఆపైన 30 సెంటీమీటర్ల ఇసుక ఉండాలి. ఖర్చు తగ్గుతుందని ఇసుకలో నల్లమట్టి ఎక్కువగా కలిపితే, తొక్కిడికి గట్టిపడి నీరు పైనే నిలుస్తుంది. వేళ్లు కుళ్లి, బూట్ల మేకులకు గడ్డి పెళ్లలుగా లేచొస్తుంది. బెర్ముడా గడ్డి మన ఎండకు ఆగుతుంది గానీ గ్యాలరీ నీడలో పలచబడుతుంది. అక్టోబరు పోటీలకు వేసవిలోనే నాటాలి.

బిల్లు చెల్లించేముందు ట్యాంకరు నీళ్లు పోయించి, ఎంతసేపట్లో ఇంకుతాయో చూడాలి. సాధన మైదానాలకూ ఇదే ప్రమాణం. జట్లు ఎక్కువసేపు ఉండేది అక్కడే. రెండేళ్ల నిర్వహణను టెండరులోనే చేర్చాలి. లేకుంటే టోర్నీ ముగిసిన మరుసటి నెలే సభల పందిరి గుంజలు ఆ పైపుల్లోకి దిగుతాయి.

– మైదానాల నిర్వాహకులు, హైదరాబాద్