కల్గాన్‌ను క్వాంటుంగ్ సైన్యం ఖాతాలో వేయకండి

సంపాదకులకు,

రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజులపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం, లోపలి మంగోలియాలోని జపాన్ బలగాలన్నిటినీ క్వాంటుంగ్ సైన్యం (ఈశాన్య చైనాలోని మంచూరియాలో ఉన్న జపాన్ సైన్యం) అనేసింది. దానితో పాటు వేసిన మ్యాపులోనూ అదే తప్పు.

ఈ పొరపాటు ఎక్కడ మొదలవుతుందో ఊహించడం కష్టం కాదు. 1937 ఆగస్టులో లోపలి మంగోలియాలోని చాహర్ రాష్ట్రంపైకి దండెత్తింది క్వాంటుంగ్ సైన్యమే. నడిపించినవాడు అప్పటి దాని చీఫ్ ఆఫ్ స్టాఫ్ తోజో హిదేకి. కానీ ఆ డిసెంబరులోనే కల్గాన్ (నేటి ఝాంగ్‌జియాకౌ) కేంద్రంగా వేరే దళం ఏర్పాటైంది. 1938 జూలైలో దాన్ని 'చూమోగున్'గా, అంటే మంగోలియా కాపలా సైన్యంగా మార్చి, ఉత్తర చైనా ప్రాంత సైన్యం కింద పెట్టారు. అప్పటినుంచి దానికి ఆదేశాలు బీజింగ్ నుంచే, మంచూరియా నుంచి కాదు.

'సైన్యం' అన్న మాట చూసి లక్షల మందిని ఊహించుకోవద్దు. జపాన్ వాళ్ల 'గున్' (సైన్యం) ఇతర దేశాల 'కోర్'కు, అంటే కొన్ని డివిజన్లు కలిసిన దళానికి సమానం. చూమోగున్ కింద ఉన్నవి: దాతోంగ్‌లో 26వ డివిజన్, కల్గాన్‌లో 2వ స్వతంత్ర మిశ్రమ బ్రిగేడ్, బావోతౌలో అశ్విక దళం. ఆ అశ్విక దళమే 1942లో గుర్రాలు వదిలి 3వ ట్యాంకు డివిజన్ అయింది. మూడు మకాములూ ఒకే రైలు మార్గం మీదివి. దాతోంగ్ బొగ్గు, లోంగ్‌యెన్ ఇనుప ఖనిజం దిగువకు చేరాలంటే ఆ పట్టాలే దిక్కు. అప్పట్లో పట్టాలు బావోతౌతో ఆగిపోయేవి, పట్టు కూడా అక్కడితోనే సడలేది: 1940 ఫిబ్రవరిలో ఇంకా పడమటికి వెళ్లి పట్టుకున్న ఊయువాన్‌ను మార్చిలోనే చైనా సేనాని ఫు జోయీ దళాలు తిరిగి లాక్కున్నాయి.

పౌర పాలన మరో దారి. 1939 సెప్టెంబరు 1న అక్కడ జపాన్ నిలబెట్టిన మూడు ప్రభుత్వాలను కలిపేసి మంగోల్ యువరాజు డెమ్‌చుగ్‌డోంగ్‌రుబ్‌ను పైన కూర్చోబెట్టారు. పక్కన సర్వోన్నత సలహాదారుగా జపాన్‌కు చెందిన కనాయి షోజి. అసలు పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ తేడా పట్టించుకోకపోతే 1945 ఆగస్టు అర్థం కాదు. 19 నాటికి క్వాంటుంగ్ సైన్యం సోవియట్లతో లొంగుబాటు ఏర్పాట్లు మాట్లాడుకుంటోంది. అదే రోజుల్లో కల్గాన్‌కు ఉత్తరాన 2వ బ్రిగేడ్ సోవియట్, మంగోలియా బలగాలను ఇంకా అడ్డుకుంటూనే ఉంది. అక్కడి సుమారు 40 వేల మంది జపాన్ పౌరులు రైళ్లెక్కి బయటపడేదాకా ఆయుధాలు దించనని చూమోగున్ అధిపతి నెమోతో హిరోషి భీష్మించాడు. మీ వ్యాసం ప్రకారం ఇవి రెండూ ఒకే సైన్యం చేసిన పనులు. ఒకచోట చేతులెత్తేసి ఇంకోచోట ఎందుకు పోరాడిందో చదివినవాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఆన్‌లైన్ ప్రతిలోనైనా మ్యాపు సరిచేయండి. కల్గాన్, దాతోంగ్, బావోతౌల మీద రంగు మార్చి, '1938 జూలై నుంచి ఉత్తర చైనా ప్రాంత సైన్యం కింద' అని ఒక్క ముక్క రాస్తే చాలు.

ఒక పాఠకుడు, హనుమకొండ