శీనుకి, ఫలితాల తర్వాతి సంగతి

ఒరేయ్ శీనూ,

జవాబు చాలా ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇంట్లో అందరం కులాసా. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది.

జెడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ఆదివారాలు ఎన్‌ఎంఎంఎస్ (కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ పరీక్ష) చెప్పడానికి ఒప్పుకున్నావటగా! ఎంత సంతోషమేసిందో. మ్యాట్ (తర్కం, బుర్ర లెక్కలు) 90, శాట్ (బడి పాఠాలు) 90 ప్రశ్నలు, నువ్వెలాగూ చెప్పేస్తావు. జవాబుల గుండ్రాలు దిద్దే ఓఎంఆర్ షీటు మాత్రం జిరాక్సుల మీద దిద్దించు. ఒక ప్రశ్న వదిలేసిన పిల్లాడు తర్వాతి జవాబుని ఆ వరసలో దిద్దేస్తాడు, అక్కణ్ణుంచి అన్నీ తప్పే. పదేసి ప్రశ్నలకోసారి నంబరు చూసుకోమను.

సరే, అసలు చెప్పాలనుకున్నది ఇదీ. సెలెక్టయిన పిల్లలకి కూడా డబ్బు పడకపోవడం! ఏడాదికి 12,000, తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా. నాలుగేళ్లకి 48,000 రా! కూలికెళ్లే ఇంట్లో అదెంతో నీకు చెప్పాలా? ఫలితాలతో మెంటార్ పని అయిపోయిందనుకోకు.

మన సైకిల్ చైన్ సూత్రం గుర్తుందిగా, ఎప్పుడూ అదే పన్ను దగ్గర జారేది? ఇక్కడ జారే ఆ పన్ను ఏదంటే, పిల్లల పేరే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బడి రికార్డులో పొడి అక్షరం, పాస్‌బుక్‌లో వెనకా ముందూ. పరీక్షకి అప్లై చేయకముందే మూడూ పక్కపక్కన పెట్టి చూడు. పుట్టిన తేదీ కూడా. దిద్దించడానికి రోజులు పడుతుంది.

ఖాతా పిల్లల పేరునే ఉండాలి. కేవైసీకి ఆధార్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాకే పడేలా ఆధార్‌తో ముడేసే ఎన్‌పీసీఐ సీడింగ్ వేరు. బ్యాంకులో "లింకయింది" అంటే, సీడింగా అని గట్టిగా అడుగు. రెండు ఖాతాలుంటే ఆఖర్న సీడయినదానికే డబ్బు పోతుంది, పిల్లాడేమో పాత పాస్‌బుక్ పట్టుకుని తిరుగుతుంటాడు.

తొమ్మిదిలో కేంద్రం స్కాలర్‌షిప్పుల వెబ్‌సైట్ ఎన్‌ఎస్‌పీ పోర్టల్లో కొత్త దరఖాస్తు, తర్వాత ఏటా రెన్యువల్. మనం నింపితే చాలదు, బడిలో వెరిఫై చేయాలి, ఆపైన జిల్లాలో. హెడ్‌మాస్టారి వెంట పడు. ఓటీపీ వాళ్ల నాన్న ఫోనుకొస్తుంది, ఆయన పగలు పనిలో ఉంటాడు, సాయంత్రమే కూర్చోబెట్టు. ఒక నోటుబుక్కులో ఒక్కో పిల్లకి ఒక్కో పేజీ పెట్టి దరఖాస్తు నంబరు, ఏ ఫోను, ఏ బ్యాంకు రాసుకో. ఆ పేజీ లేకపోతే వచ్చే ఏడు మళ్లీ మొదటికే.

ఇంటర్‌లోనూ డబ్బు రావాలంటే పదిలో 60 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకి 55. ఇంటర్‌కి ప్రైవేటు కాలేజీలో చేరితే ఆగిపోతుంది! ఫీజు కట్టేశాక తెలిసి ఏడ్చే తల్లులని తలుచుకుంటే... పదో తరగతి సంక్రాంతికే ఇంటికెళ్లి చెప్పు. నిర్ణయం వాళ్లదే, కానీ తెలిసి తీసుకోవాలి.

ఆదాయం సర్టిఫికెట్, 3.5 లక్షల లోపు, దాని సంగతి ఇంకా... అయ్యో, పోస్టు కట్టే వేళయింది. మళ్లీ రాస్తా.

నీ
రాంబాబు