లిఫ్టులో మజిల్ సరే, కుక్కకు ఊపిరి ఆడేదే పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

మేం నల్లకుంటలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా ఇంట్లో ఆరేళ్ల నాటు కుక్క ఉంది, పేరు లడ్డూ. మొన్న వేసవిలో మా అసోసియేషన్ వాళ్లు లిఫ్టులోకి, సెల్లార్‌లోకి కుక్కను తెచ్చేవాళ్లు తప్పకుండా దానికి మజిల్, అంటే కరవకుండా మూతికి తొడిగేది, పెట్టాలని గ్రూపులో మెసేజ్ పెట్టారు. ఆ రూల్ మీద నాకు కోపం లేదు, ముందే చెప్తున్నా. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయాడు. అప్పటినుంచి మా చుట్టుపక్కల తల్లులు ఏ కుక్క ఎదురైనా, అది పెంపుడుదైనా సరే, బిడ్డను చంకన వేసుకుని పక్కకు తప్పుకుంటున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, లిఫ్టులో పక్కకు జరగడానికి చోటు కూడా ఉండదు కదా. కానీ ఆ మెసేజ్‌లో మజిల్ అని ఒక్క మాటే ఉంది, ఎలాంటిది కొనాలో లేదు. నా బాధంతా అక్కడే.

నేనూ తెలియక ఆ సాయంత్రమే దగ్గర్లోని షాపుకు వెళ్లి, నైలాన్ గుడ్డతో గొట్టంలా కుట్టిన మజిల్ ఒకటి తెచ్చాను, మెత్తగా ఉంది కదా నొప్పి పెట్టదనుకున్నా. కుక్క మూతి కొలత ఎంత అని షాపతను అడగలేదు, కొలవాలని నాకూ తోచలేదు. మే నెల, ఆరున్నరైనా రోడ్డు సెగలు కక్కుతోంది. పది నిమిషాలు నడిచాడో లేదో లడ్డూ ముందుకాళ్లతో మూతి గీరుకోవడం మొదలుపెట్టాడు, కొత్త కాబట్టి అలా చేస్తున్నాడులే అనుకుని నేను ఇంకో వీధి తిప్పాను, అది తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు మనసులో ఉండదు. కాళ్లు తడబడి కూలబడిపోయాడు. గబగబా విప్పి చూస్తే నాలుక ఎర్రగా కందిపోయి ఉంది, చొంగ తీగలు సాగుతోంది. పక్కనున్న కిరాణా కొట్టులో నీళ్లు తీసుకుని పొట్టా పాదాలూ తడిపి, ఆటోలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం.

డాక్టర్ గారు చెప్పింది ఇది. మనకు పట్టినట్టు కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, ఒంట్లో వేడి పోవాలంటే నోరు బార్లా తెరిచి వగర్చాల్సిందే. గుడ్డ మజిల్ ఆ నోటినే మూసేస్తుంది. సూది వేసేటప్పుడో గోళ్లు కత్తిరించేటప్పుడో రెండు మూడు నిమిషాలు పెట్టి తీసేయడానికి పనికొస్తుంది తప్ప, నలభై డిగ్రీల ఎండలు కాసే మన ఊళ్లో దాన్ని పెట్టి వాకింగ్‌కు తీసుకెళ్లకూడదు.

మా తాతగారు ఎడ్ల మూతికి చిక్కం కట్టేవారు, తాడుతో వలలా అల్లినది. ఎద్దు పైరుకు మూతి పెట్టలేదు కానీ గాలికి లోటుండేది కాదు. కుక్కకూ అలాంటిదే కావాలి, బుట్టలా ఉండే బాస్కెట్ మజిల్. అందులో నోరు తెరవగలదు, నీళ్లు తాగగలదు, సందులోంచి చిన్న ముక్క పెడితే తినగలదు. ఇనుప తీగది ఎండలో కాలిపోతుంది కాబట్టి నేను మెత్తటి రబ్బరుది తీసుకున్నాను. మజిల్ మీద రాసే సైజులు కంపెనీకో రకంగా ఉంటాయి, ఒకరి మీడియం ఇంకొకరి లార్జ్, వాటిని నమ్మొద్దు. బట్టలు కుట్టేవాళ్ల టేపుతో కళ్ల కింద నుంచి ముక్కు కొన దాకా పొడవు, మూతి లావుగా ఉన్నచోట చుట్టుకొలత, చెవుల వెనక మెడ చుట్టుకొలత తీసుకుని వెళ్లాలి. లడ్డూ మూతి పొడవు 9 సెంటీమీటర్లు వచ్చింది. ముక్కు ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి, అంచు కళ్లకు తగలకూడదు, పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. చుట్టుకొలత దగ్గరే చాలామంది పొరబడతారు: నోరు మూసుకున్నప్పుడు సరిపోతే చాలదు, నాలుక బయటపెట్టి వగర్చినప్పుడు కూడా దవడ బిగుసుకోకూడదు. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు మామూలు బుట్ట జారిపోతుంది, వాటికి వేరే ఆకారంలో వస్తాయి, కానీ వాటికి ఊపిరి తీసుకోవడమే కష్టం కాబట్టి డాక్టర్‌ను అడక్కుండా కొనకండి.

ఇంట్లో అలవాటు చేయడానికి మాకు రెండు వారాలు పట్టింది. బుట్ట అడుగున ఉడికించిన చికెన్ ముక్క పెట్టి చేత్తో పట్టుకునేదాన్ని, వాడే మూతి లోపల పెట్టేవాడు. పట్టీ బిగించింది ఐదారు రోజుల తర్వాతే, అదీ కొన్ని సెకన్లు. ఇప్పుడు మజిల్ చేతిలోకి తీసుకుంటే తోక ఊపుతూ వస్తాడు.

ఇంకో సంగతి రాయకుండా ఉండలేను. మొరుగుతోందనో, చెప్పులు కొరుకుతోందనో మజిల్ పెట్టి ఆఫీసుకు వెళ్లిపోయేవాళ్లను నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. మనిషి దగ్గర లేనప్పుడు ఏ రకం మజిల్ అయినా ప్రమాదమే, ఎక్కడైనా తగులుకుంటే విప్పేవాళ్లుండరు, వాంతి చేసుకుంటే ఊపిరాడదు. జంతువును అనవసరంగా హింసపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

మీ పత్రిక ద్వారా నేను అడిగేది ఎక్కువేం కాదు. అసోసియేషన్లు నోటీసులో మజిల్ అన్న మాట ముందు "బుట్ట లాంటి" అని రెండు మాటలు కలపాలి, కొనుక్కోవడానికీ అలవాటు చేయడానికీ ఓ నెల గడువివ్వాలి. షాపులవాళ్లు కుక్కను తెచ్చి పెట్టి చూసుకోనివ్వాలి, సరిపోకపోతే మార్చివ్వాలి. పెంపుడు కుక్కలకు లైసెన్సు ఇచ్చే నగరపాలక సంస్థ, రేబిస్ టీకా కాగితం అడిగేటప్పుడే ఈ కొలతల బొమ్మతో తెలుగులో ఉర్దూలో ఒక పేజీ చేతికివ్వాలి. మా అసోసియేషన్ వాళ్లతో నేను మాట్లాడాను, ఈ ఆదివారం మీటింగులో లడ్డూ బుట్టను, పాత నైలాన్‌దాన్ని పక్కపక్కన పెట్టి చూపించమన్నారు.

ఇట్లు
మీ పాఠకురాలు
నల్లకుంట, హైదరాబాద్