అనిమే సమీక్షలో బొమ్మ గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఈమధ్య అనిమే (జపాన్ యానిమేషన్) సినిమాలకు, మాంగా (జపాన్ కామిక్స్) పుస్తకాలకు కూడా చోటిస్తున్నారు. చాలా సంతోషం. నేను హనుమకొండ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. మా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల నోట్‌బుక్కులు వెనక నుంచి తిప్పితే చాలు, వాళ్లకు ఈ బొమ్మల మీద ఎంత ఇష్టముందో తెలుస్తుంది. కత్తి పట్టిన 'డీమన్ స్లేయర్' హీరో తంజిరో, గడ్డి టోపీ పెట్టుకున్న 'వన్ పీస్' హీరో లూఫీ, ఎవరో ఒకరు ఉండాల్సిందే. మీ పేజీని కత్తిరించి దాచుకునేవాళ్లు కూడా ఉన్నారు. అందుకే ఆ పేజీలో సమీక్షలు ఇంకా బాగుండాలని ఈ ఉత్తరం.

'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' 2025 సెప్టెంబర్ 12న మన దేశంలో విడుదలైంది, తెలుగు డబ్బింగ్‌తో సహా. దాని మీద మీరు వేసిన సమీక్షలో ముప్పావు వంతు కథే. ఎవరు ఎవరితో తలపడ్డారు, ఎవరు గెలిచారు, ఎవరు పోయారు, అన్నీ వరసపెట్టి చెప్పేశారు. చివర్లో 'విజువల్స్ అదిరిపోయాయి' అని ఒక్క ముక్క, దాని కింద స్టార్లు.

ఏం అదిరింది, ఎందుకు అదిరింది? అదే కదా చెప్పాల్సింది. తంజిరో కత్తి తిప్పినప్పుడు లేచే నీళ్లనే తీసుకోండి. అవి నిజం నీళ్లలా ఉండవు. అంచుకు లావుపాటి గీత, లోపల చదునుగా పరిచిన నీలం, కొసన గోళ్లలా వంకర తిరిగిన నురగ. జపాన్‌లో పాతకాలం చెక్క అచ్చు బొమ్మల పద్ధతి అది. 1831 ప్రాంతంలో జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన పెద్ద అల బొమ్మ చూసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు. ఇక కథ జరిగే, ఎటు చూసినా అంతులేని ఆ కోట కంప్యూటర్‌లో త్రీడీలో కట్టింది. అందులో పడుతూ లేస్తూ పోరాడే మనుషులేమో చేత్తో గీసినవాళ్లు. ఈ రెండూ ఒకదానిలో ఒకటి ఒదిగిపోయాయా, ఎక్కడైనా అతికించినట్టు తేలిపోయిందా? ఈ సినిమా తీసిన యుఫోటేబుల్ స్టూడియోకు పేరొచ్చిందే ఈ కలపడంలో. సమీక్షకుడు దీని మీద నాలుగు వాక్యాలు రాస్తే, మా పిల్లలు రెండోసారి చూసేటప్పుడు వేరే కళ్లతో చూస్తారు. ఆ నాలుగు వాక్యాల కోసమే నేను సమీక్ష చదువుతాను.

ఇసావో తకహాతా 1988లో తీసిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' సంగతి కూడా చెప్తాను. యుద్ధంలో తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్ల కథ. అందులో బొమ్మల అంచులకు మామూలుగా వాడే నలుపు కాకుండా ఎక్కువ చోట్ల బ్రౌన్ రంగు గీత వాడారు. నేను క్లాసులో పిల్లల చేత ఒకే మొహాన్ని ఒకసారి నల్ల స్కెచ్‌పెన్నుతో, ఇంకోసారి బ్రౌన్ పెన్సిల్‌తో గీయించాను. నల్ల గీత మొహాన్ని కాగితం నుంచి విడదీసి ముందుకు తెస్తుంది. బ్రౌన్ గీత దాన్ని వెనకున్న మట్టిలో, వెలుగులో కలిపేస్తుంది. 'టీచర్, ఇది మెత్తగుంది' అన్నదో పిల్ల. ఆ సినిమాలో చిన్న చెల్లెలి మొహం నుంచి మనం కళ్లు తిప్పుకోలేకపోవడంలో ఆ గీతకూ వాటా ఉంది. ఈ సినిమా గురించి 'కన్నీళ్లు పెట్టించింది' అని రాసినవి ఎన్నో చదివాను. ఆ గీత ఊసెత్తినవి మాత్రం చాలా తక్కువ.

కథ ఎంతవరకు చెప్పాలన్నది కూడా సినిమాను బట్టే తేలుతుంది. 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్'లో అన్న 1945 సెప్టెంబర్ 21 రాత్రి చనిపోయాడని అతని గొంతే మొదట్లో చెప్పేస్తుంది. కాబట్టి సమీక్షలో అది రాసినా తప్పులేదు. ఇన్ఫినిటీ కాసిల్‌లో మాత్రం ఒక పాత్ర గతం ముందే తెలిస్తే సినిమా సగం పోయినట్టే. మీ సమీక్ష సరిగ్గా అదే బయటపెట్టింది. మా క్లాసులో ఇద్దరు పిల్లలు దాని గురించి నాతో పోట్లాడినంత పని చేశారు, రాసింది నేనే అన్నట్టు.

బొమ్మను చూపిస్తూ కథ చెప్పడం మన ప్రాంతానికి కొత్తేం కాదు. పటం చూపిస్తూ కథలు చెప్పే కూనపులి వాళ్లు పద్మశాలీల దగ్గర మార్కండేయ పురాణం చెప్పేటప్పుడు చేర్యాల పటం (కథంతా బొమ్మలుగా వేసిన పొడవాటి గుడ్డ) విప్పి, ఏ ముక్క దగ్గర ఏ బొమ్మ చూడాలో చూపిస్తూ పోతారు. నాకు కావాల్సిన సమీక్షకుడు అలాంటివాడు.

మాంగాకు ఇది మరీ అవసరం. జపాన్ మాంగా చిత్రకారుడు ఒసాము తెజుకా గీసిన 'బుద్ధ' ఇంగ్లిష్‌లో ఎనిమిది సంపుటాలుగా దొరుకుతుంది. మొదట్లోనే ఆకలితో ఉన్న ముసలాయన కోసం మంటలో దూకే కుందేలు కథ ఉంది. దాదాపు మాటల్లేకుండా, పేజీ తర్వాత పేజీ బొమ్మలతోనే నడుస్తుంది. బుద్ధుడి కథ మనకు తెలియంది కాదు, పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో స్తూపమే ఉంది. తెలిసిన కథను ఆయన ఎలా గీశాడన్నదే అక్కడ విషయం. ఇంకోటి, జంతువుల మనసులోకి దూరగలిగే తత్త అనే పిల్లవాడు తెజుకా సొంతంగా కల్పించిన పాత్ర. ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. 'బుద్ధుడి జీవిత చరిత్ర' అని ఒక్క మాటలో రాసి వదిలేస్తే, లైబ్రరీకి కొని పిల్లలకిచ్చే నాలాంటి టీచర్లు అదంతా చరిత్రే అనుకునే ప్రమాదముంది.

వయసు సంగతీ రాయాలి. ఇన్ఫినిటీ కాసిల్ గురించి ఒక విద్యార్థి తల్లి నన్నడిగింది, 'మేడం, బొమ్మల సినిమానే కదా, చిన్నోణ్ణి గూడ తోల్కపోవచ్చా?' అని. వాడికి ఆరేళ్లు. తలలు తెగే సినిమా అది, వద్దన్నాను. మీ సమీక్షలో ఆ మాటే లేదు. సెన్సార్ బోర్డు 2024 నవంబర్ నుంచి యూఏ సర్టిఫికెట్‌ను 7+, 13+, 16+ అని విడదీసి ఇస్తోంది. ఆ అంకె వేయడానికి పెద్ద చోటు కూడా పట్టదు. సమీక్షకుడు చూసింది తెలుగు డబ్బింగా, సబ్‌టైటిల్స్‌తో జపనీసా అన్నది కూడా చెప్పాలి. మా పిల్లలు చూసేది తెలుగులోనే. డబ్బింగ్ చెప్పినవాళ్ల పేర్లు మీ పేజీలో ఇంతవరకు ఒక్కసారీ కనపడలేదు.

కొత్తగా చూసేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలన్నదీ ముఖ్యమే. ఇన్ఫినిటీ కాసిల్ మూడు సినిమాల్లో మొదటిది. దానికి ముందు 2019లో టీవీలో వచ్చిన 26 ఎపిసోడ్లు, 2020లో వచ్చిన 'ముగెన్ ట్రైన్' అనే రైలు సినిమా, ఆ తర్వాతి సీజన్లు ఉన్నాయి. అవేవీ చూడకుండా వెళ్తే మధ్యలో దిగినట్టే. పాపం, పిల్లల వెంట వెళ్లిన తల్లిదండ్రులు ఎందరో రెండున్నర గంటలు ఏమీ అర్థంకాక కూర్చున్నారు.

ఒక విన్నపం. సమీక్ష పక్కన ఇప్పుడు పోస్టర్ వేస్తున్నారు. అది అందరూ చూసిందే. దాని బదులు సమీక్షకుడు ఏ సన్నివేశం గురించి రాశాడో ఆ బొమ్మ వేసి, కింద దర్శకుడి పేరు, స్టూడియో పేరు ఇవ్వండి. మాంగా అయితే ఒక పూర్తి పేజీ వేసి, ఎటు నుంచి ఎటు చదవాలో బాణం గుర్తు పెట్టండి. అలాంటి పేజీ వచ్చిన వారం దాన్ని మా స్కూల్ నోటీస్ బోర్డు మీద అంటిస్తాను.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ టీచర్,
హనుమకొండ