ఆ కనెక్టర్ విప్పి చూడమన్న మీకు

పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

బైక్‌లో బ్యాటరీ చార్జ్ కావట్లేదని హెచ్చరించే చార్జింగ్ లైటు కాసేపు వెలిగేది, కాసేపు ఆరేది. రాత్రి ప్రయాణమంటే టెన్షన్. కొత్త బ్యాటరీ కొనబోతుంటే మీరే ఆపి, బ్యాటరీకి వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టించారు. ఇంజన్ ఆపితే 12.6 వోల్టులు, బాగానే ఉంది. రేజ్ చేస్తే 14 దగ్గరకు రావాల్సింది, 12.8 దాటలేదు.

"బ్యాటరీది కాదు తప్పు. స్టేటర్ నుంచి రెగ్యులేటర్‌కి వెళ్లే కనెక్టర్ విప్పండి" అన్నారు. స్టేటర్ అంటే ఇంజన్‌లో కరెంటు పుట్టించే భాగం, రెగ్యులేటర్ అంటే ఆ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు సరిచేసేది. విప్పితే, మూడు పసుపు వైర్లలో ఒకదాని పిన్ను నల్లగా మాడి, చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంది! పిన్ను వదులైతే వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా వదులవుతుంది. బండి వేడెక్కాకే లైటు ఎందుకొచ్చేదో అప్పుడు అర్థమైంది.

కనెక్టర్ మార్చాను. ఇప్పుడు 14.2. నిన్న రాత్రి రెండు గంటలు నడిపాను, లైటు ఒక్కసారీ వెలగలేదండీ.