క్రూప్‌కు మొదటి మోతాదు పీహెచ్‌సీలోనే పడాలి

సంపాదకులకు,

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడాలో కల్తీ దగ్గు మందు తాగి పసిపిల్లలు చనిపోయాక, రెండేళ్లలోపు వారికి దగ్గు, జలుబు మందులు రాయవద్దనీ, ఐదేళ్లలోపు వారికి కూడా అవి సాధారణంగా తగవనీ కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ సూచించింది. ఇవ్వకూడనిదేదో అలా నలుగురికీ తెలిసింది. కానీ మందు తప్పక పడవలసిన దగ్గు ఒకటుంది. వైద్యులు క్రూప్ అనే ఆ జబ్బు గురించి అంతగా మాట వినబడలేదు.

ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసులో ఎక్కువగా వచ్చే ఈ జబ్బుకు చాలావరకు పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్ కారణం. పగలంతా మామూలు జలుబులా ఉండి, రాత్రివేళ ఉన్నట్టుండి కుక్క మొరిగినట్టు దగ్గు మొదలవుతుంది, గొంతు బొంగురుపోతుంది, గాలి పీల్చినప్పుడల్లా కీచుమని శబ్దం వస్తుంది. స్వరపేటిక దిగువన వాచి, అసలే సన్ననైన గాలిదారి ఇరుకైపోవడమే దీనికి మూలం కాబట్టి దగ్గు మందు చేసేదేమీ లేదు. వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ పనిచేయదు. ఆవిరితో మేలు కలుగుతుందని పరిశోధనల్లోనూ తేలలేదు, పైగా గింజుకునే బిడ్డను మరిగే నీళ్ల దగ్గర పట్టుకుంటే ఒళ్లు కాలే ప్రమాదం.

పనిచేసేది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు. కిలో బరువుకు 0.15 నుంచి 0.6 మిల్లీగ్రాముల చొప్పున వైద్యులు లెక్కగట్టి ఒక్కసారి నోటి ద్వారా ఇస్తే చాలామంది పిల్లలకు అదే సరిపోతుంది. స్టెరాయిడ్ అనగానే తల్లిదండ్రులు బెదిరిపోతారు. నెలల తరబడి వాడేవాటి విషయంలో ఆ భయం సబబే గానీ, ఒక్క మోతాదుకు అంత అక్కర్లేదు. ఊరికే ఉన్నప్పుడు కూడా కీచు శబ్దం వస్తూ, డొక్కలు లోపలికి పోతుంటే, మందును సన్నని తుంపరగా పీల్పించే నెబ్యులైజర్‌తో అడ్రినలిన్ కూడా పెట్టాలి. దాని ఫలితం నిమిషాల్లోనే కనబడుతుంది, కానీ రెండు గంటల్లో తగ్గిపోతుంది. బిడ్డ తేరుకున్నాడు కదా అని వెంటనే ఇంటికి పంపకుండా మూడు, నాలుగు గంటలు కనిపెట్టి చూడాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైన నాకు బాధ కలిగించేదేమిటంటే, ఈ రెండు మందులూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కొత్తవి కావు. నెలలు నిండకముందే నొప్పులొచ్చిన గర్భిణికి కడుపులోని బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చేది ఇదే డెక్సామెథసోన్. టీకా వేసేటప్పుడు రియాక్షన్ వస్తే పనికొస్తుందని దగ్గర పెట్టుకునేది ఇదే అడ్రినలిన్. అయినా అర్ధరాత్రి ఇలాంటి బిడ్డను తెస్తే ఏమీ ఇవ్వకుండానే జిల్లా ఆసుపత్రికి రాసి పంపడం నేను చూశాను. డెక్సామెథసోన్ పూర్తిగా పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది. ప్రయాణానికి పట్టే కాలం ఆ మందుకు దక్కాలంటే మొదటి మోతాదు బయలుదేరేముందే పడాలి.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ రాత్రి డ్యూటీ నర్సులకూ, 108 సిబ్బందికీ దీన్ని గుర్తుపట్టడం నేర్పాలనీ, బరువును బట్టి మోతాదుల పట్టికను తెలుగులో గోడకు అతికించాలనీ, నెబ్యులైజర్ లేనిచోట సమకూర్చాలనీ కోరుతున్నాను. బిడ్డను తల్లి ఒడిలోంచి తీయకుండా చూడటం కూడా ఆ శిక్షణలో భాగం కావాలి. ఏడ్చేకొద్దీ ఊపిరి మరింత ఇబ్బంది అవుతుంది. ఇక చొంగ కారుస్తూ మింగలేకపోతున్న బిడ్డనూ, టీకాలు పడక గొంతులో బూడిదరంగు పొర కట్టిన బిడ్డనూ క్రూప్‌గా పొరబడకూడదు. రెండోది కంఠసర్పి (డిఫ్తీరియా) కావచ్చు. ఇలాంటి పిల్లల గొంతులో పుల్ల పెట్టి కెలకకుండా వెంటనే పెద్దాసుపత్రికి తరలించాలి.

— ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, ఖమ్మం జిల్లా